దొరలనాటి వెండి రూపాయి విలువ కట్టుట యెట్లు?

(నెల్లూరు తీర గ్రామముల పంచాయతీ సభ్యుల సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



మన తీర గ్రామములలో పాత పెట్టె తెరచినచో రాజు బొమ్మయో, రాణి బొమ్మయో గల వెండి రూపాయి తరచుగా కనబడును. కొన్ని యిండ్లలో దానిని లక్ష్మీపూజకు దాచిరి. కొన్ని యిండ్లలో కొక్కెము అతికించి బిడ్డ మెడలో కట్టిరి. మరికొన్ని యిండ్లలో ముడుపు మూటలో కట్టి మరచిరి. తుపానులో వలలు పోయినప్పుడు, రొయ్యల గుంట నష్టపడినప్పుడు, ఆడపిల్ల పెండ్లి కుదిరినప్పుడు ఆ నాణెములు బయటికి వచ్చును. అప్పుడు వాని విలువ చెప్పువాడు కొనువాడే గాని అమ్ముకొనువాడు కాడు. ఈ లోటును గూర్చియే నేడు మీతో ముచ్చటింప దలచితిమి.

మే మెరిగిన యొక పల్లెలో ఒక వితంతువు 12 రూపాయి నాణెములు అమ్మబోయినది. కొనవచ్చిన వర్తకుడు వానిని అరచేతిలో పోసికొని, "అమ్మా, ఇవన్నియు యుద్ధకాలపు సగము వెండి నాణెములే" అని చెప్పి, ఆ లెక్కనే ధర కట్టెను. ఆమె పొరుగున నున్న పంచాయతీ సభ్యుడు, "ఒక్క దినము ఆగుము, అక్కా" అని నాణెములను, ఆమెను మాయొద్దకు తోడుకొని వచ్చెను. మేము చేసిన పని పెద్దదేమియు కాదు. ప్రతి నాణెముపై నున్న సంవత్సరమును చదివి మూడు కుప్పలుగా పెట్టితిమి. ఆ మూడు కుప్పల సంగతి మీరును తెలిసికొనుట మంచిది.

1835వ సంవత్సరమున ఈస్టిండియా కంపెనీ తన యేలుబడిలోని ప్రాంతముల కన్నింటికిని ఒకే విధమైన రూపాయిని ఏర్పరచెను. దాని తూకము 180 గ్రెయినులు, అనగా సరిగా ఒక తులము. నేటి కొలతలో 11.66 గ్రాములు. మన పెద్దలు రూపాయిని తూనికరాయిగా వాడుటకు కారణ మిదియే. అందు 12 పాళ్లలో 11 పాళ్లు మేలిమి వెండి. కావున ఒక్కొక్క రూపాయిలో 10.69 గ్రాముల వెండి కలదు. అర్ధరూపాయిలో 5.34 గ్రాములు, పావలాలో 2.67 గ్రాములు వచ్చును. 1939 వరకు వెలువడిన వెండి రూపాయిల కన్నింటికి ఈ లెక్కయే వర్తించును. ఇది మొదటి కుప్ప.

రెండవ ప్రపంచ యుద్ధకాలమున, 1940లో, వెండిని సగమునకు తగ్గించిరి. నూటికి 50 పాళ్లు వెండి, 40 పాళ్లు రాగి, 5 పాళ్లు నికెలు, 5 పాళ్లు తుత్తునాగము కలిపిరి. తూకము మాత్రము మార్పలేదు. కావున 1940 మొదలు 1945 వరకు గల రూపాయిలో 5.83 గ్రాముల వెండియే యుండును. ఇది రెండవ కుప్ప. యుద్ధానంతరము వెండిని పూర్తిగా విడిచి నికెలుతో నాణెములు చేసిరి. ఒకవైపు రాజు, మరొకవైపు పులి గల 1947 నాటి రూపాయి తెల్లగా మెరయును గాని అందు వెండి యించుకయు లేదు, అయస్కాంతమునకు అంటుకొనును. ఇది మూడవ కుప్ప.

ఆమె తెచ్చిన 12 నాణెములలో 9 మొదటి కుప్పకు, 2 రెండవ కుప్పకు, 1 మూడవ కుప్పకు చేరినవి. మొదటి తొమ్మిదింటిలో 96.21 గ్రాములు, తరువాతి రెండింటిలో 11.66 గ్రాములు, వెరసి సుమారు 108 గ్రాముల వెండి. వర్తకుని మాట ప్రకారమైనచో 70 గ్రాములే. తేడా 38 గ్రాములు. గ్రాము వెండి 100 రూపాయలని లెక్క కొరకు అనుకొన్నచో ఆమె 3,800 రూపాయలు పోగొట్టుకొనెడిది. అసలు ధర ఏ రోజున కా రోజు విచారించి గుణింపవలెను. ఒక నాణెమున వెండియే లేదన్న సంగతిని కూడ ఆమెకు దాచక చెప్పితిమి. అరిగిన నాణెము కొంత తక్కువ తూగును. కరగించు ఖర్చునకు వర్తకుడు కొంత తగ్గించుటయు న్యాయమే. సంవత్సరము చదువరాని వారియొద్ద తొమ్మిది నాణెముల మేలిమి తగ్గించి చెప్పుట మాత్రము న్యాయము కాదు.

ఇది వెండి విలువ. దీనికి పైన, నాణెములు సేకరించువారు ఇచ్చు విలువ వేరొకటి కలదు. అది ప్రాచీనతను బట్టి గాక, అరుదుదనమును బట్టి, నాణెపు స్థితిని బట్టి వచ్చును. 1840 అని గాని, 1862 అని గాని యున్న విక్టోరియా రూపాయిని చూచి పలువురు ఆశపడుదురు. కాని ఆ సంవత్సరములను మార్పకయే పెక్కేండ్లు అచ్చువేసిరి. అందుచే అవి విస్తారముగా దొరకును. అంతకంటె చిన్నదైన 1939 నాటి రూపాయి మిక్కిలి అరుదు. 1911లో జార్జి రాజు వస్త్రముపై చెక్కిన యేనుగు పంది వలె కనబడుచున్నదని గగ్గోలు పుట్టగా, ఆ నాణెములలో చాల భాగమును తిరిగి కరగించిరి. కావున దానికిని గిరాకి కలదు. మన ప్రాంతము ఆర్కాటు నవాబుల యేలుబడిలో నుండినందున పారసీక లిపి గల ఆర్కాటు రూపాయిలును ఇచట దొరకవచ్చును. వానిపై హిజరీ 1172 అని యున్నను, ఆ సంవత్సరమునే నిలిపి కంపెనీవారు చెన్నపట్టణమున చాలకాలము ముద్రించిరి. ఇట్టి వానిని తెలిసినవారికి చూపకుండ కరగింపరాదు. చింతపండుతో, బూడిదతో తోమరాదు. తోమిన కొలదియు ఆ విలువ తగ్గును. కొక్కెము అతికినను, బెజ్జము వేసినను ఆ విలువ పోవును గాని వెండి విలువ పోదు.

ఇంటిలో దాచిన నాణెము సంగతి ఇది. భూమిలో దొరకిన దాని సంగతి వేరు. 1780ల నాటి మాట. నెల్లూరు సమీపమున ఒక రైతు రాతి గుట్ట ప్రక్కన దున్నుచుండగా నాగలి ఇటుక కట్టడమునకు తగిలెను. త్రవ్వి చూడగా చిన్న దేవాలయపు శిథిలము, దానిక్రింద ఒక చిన్న కుండ, అందు రోమను చక్రవర్తుల కాలపు బంగారు నాణెములు కనబడినవి. అతడు వానిని పాత బంగారముగా అమ్మివేసెను. పెక్కు కరగిపోయినవి. నవాబు కుమారుడు ముప్పదికి పైగా మాత్రము సంపాదింపగలిగెను. మన తీరమునకు రోముతో గల వర్తకమునకు సాక్ష్యము కొలిమిలో పడి మాసిపోయినది. ఆ రైతును తప్పుపట్టుట తగదు. అతనికి చెప్పువారు లేకపోయిరి. నేడు చెప్పవలసినవారము మనము.

1878 నాటి నిక్షేప చట్టము ప్రకారము, భూమిలో దాగి దొరకిన సొత్తు విలువ పది రూపాయలు మించినచో, దొరకినవాడు వీలైనంత త్వరలో కలెక్టరుగారికి వ్రాతమూలమున తెలుపవలెను. తెలుపక దాచినచో అతని భాగము ప్రభుత్వమునకు పోవుటయే గాక, ఏడాది వరకు శిక్షయు పడవచ్చును. సొత్తును ప్రభుత్వము తీసికొనునప్పుడు లోహపు విలువయు, దానిపై ఐదవ వంతును చెల్లింపవలెనని ఆ చట్టముననే యున్నది. కావున తెలియజేసినవాడు నష్టపడునను భయము వలదు. నూరేండ్లు దాటిన నాణెములను అనుమతి లేక విదేశములకు పంపరాదని 1972 నాటి చట్టము చెప్పుచున్నది.

మోసగాండ్ర మాటయు చెప్పవలసియున్నది. పాత నాణెమునకు లక్షలిత్తుమని ఫోనులో చెప్పి, ముందుగా రుసుము పంపుమనువారు కలరు. రిజర్వు బ్యాంకు తన పేరిట ఇట్టి మోసములు జరుగుచున్నవని 1921లో గాక మన కాలముననే, 2021 ఆగస్టులో, ప్రజలను హెచ్చరించెను. బియ్యమును ఆకర్షించు నాణెమని చెప్పి సొమ్ము గుంజువారును కలరు. ఏ నాణెమును బియ్యమును ఆకర్షింపదు. కొనువాడు సొమ్ము ఇచ్చును గాని అడుగడు.

మా మనవి స్వల్పము. పంచాయతీ కార్యాలయమున చిన్న త్రాసును, అయస్కాంతమును ఉంచుడు. "1939 వరకు 10.69, 1940 నుండి 1945 వరకు 5.83, 1947 నాటిది సున్న" అని గోడపై వ్రాయించుడు. ఎవరైన నాణెములు తెచ్చినచో వారి యెదుటనే తూచి, లెక్క కాగితముపై వ్రాసి వారి చేతికిండు. అమ్ముటయో, మానుటయో వారి యిష్టము. ఆ వితంతువు తొమ్మిదింటిలో ఎనిమిది నాణెములను సరియైన ధరకు అమ్మి, ఒక్క రాణి రూపాయిని మనుమరాలి కొరకు దాచుకొన్నది. లెక్క తెలిసినందుననే ఆమెకు ఆ వీలు కలిగినది.