పక్షవాతం వచ్చిన మనిషికి ఆసుపత్రిలో మతి ఎందుకు తప్పుతుంది?

 

మూతి వంకర పోయినా, చెయ్యి పడిపోయినా, మాట తడబడినా వెంటనే 108కు ఫోన్ చేయాలని, గడ్డ కరిగించే సూది నాలుగున్నర గంటల్లోపే పడాలని మీరు ఈపాటికి వినే ఉంటారు. నేను మాట్లాడబోయేది ఆ తర్వాతి సంగతి. ఆసుపత్రిలో చేర్చారు, స్కానింగ్ అయింది, గండం గడిచిందనుకున్నారు. రెండో రోజు రాత్రి పెద్దాయన సెలైన్ సూది పీకేస్తాడు. కన్నకొడుకునే చూసి "ఎవుర్రా నువ్వు, నా తోటలోకి ఎందుకొచ్చినావ్?" అంటాడు. గోడ మీద చీమలు పాకుతున్నాయంటాడు. తెల్లారితే కాస్త మామూలుగా ఉంటాడు, దీపాలు పెట్టే వేళకు మళ్లీ మొదలు. ఇంట్లో ఒకరు సంధి పుట్టిందంటారు, ఇంకొకరు గాలి సోకింది, తాయెత్తు కట్టిద్దామంటారు.

వైద్యులు దీన్ని డెలీరియం అంటారు. ఇది పిచ్చి కాదు, గాలీ ధూళీ కాదు. దెబ్బతిన్న మెదడు మీద ఇంకో బరువు పడి, అది ధ్యాస నిలపలేని స్థితికి చేరడం. పక్షవాతంతో ఆసుపత్రిలో చేరినవాళ్లలో ఇంచుమించు నలుగురిలో ఒకరికి ఇది వస్తుంది. వచ్చినవాళ్లు ఆసుపత్రిలో ఎక్కువ రోజులు ఉండాల్సి వస్తుంది, ప్రాణాపాయమూ ఎక్కువే, ఇంటికెళ్లాక మతిమరుపు పట్టుకునే అవకాశమూ ఎక్కువే. "రెండు రోజులు పోతే అదే సర్దుకుంటుందిలే" అని ఊరుకోదగ్గది కాదు.

ఎవరికి వస్తుందన్నది తెలియాలంటే రెండు లెక్కలు చూడాలి. బాగా ఎండిన పత్తి కుప్పకు నిప్పురవ్వ చాలు, తడి పత్తికైతే పెద్ద మంటే కావాలి. మనిషి ముందే ఎంత ఎండి ఉన్నాడన్నది మొదటి లెక్క. ఆసుపత్రిలో ఎన్ని నిప్పురవ్వలు పడ్డాయన్నది రెండోది.

మొదటి లెక్కలో వయసు ముఖ్యం. ఎనభై ఏళ్ల అవ్వకు ఉన్న ముప్పు యాభై ఏళ్లవాడికి ఉండదు. ముందునుంచే మతిమరుపు ఉన్నవాళ్లకు, చూపూ వినికిడీ తగ్గినవాళ్లకు ముప్పు ఎక్కువ. పక్షవాతం ఎంత పెద్దదైతే అంత ఎక్కువ. రక్తనాళం చిట్లి మెదడులో రక్తం చేరినవాళ్లకూ ఎక్కువే. మెదడు కుడివైపు దెబ్బతింటే ఎడమ చెయ్యీ కాలూ పడిపోవడంతోపాటు కొందరికి ఎడమవైపు అనేది ఒకటుందన్న స్పృహే పోతుంది. అటువైపు కూర్చున్న భార్య కూడా వాళ్ల లెక్కలో ఉండదు. అలాంటివాళ్ల విషయంలో ఇంకా జాగ్రత్తగా ఉండాలి.

ఇవేవీ మన చేతిలో లేవు. నిప్పురవ్వల్లో మాత్రం చాలా వాటిని మనం ఆపగలం.

పెద్దది జ్వరం, అంటే ఊపిరితిత్తుల్లోనో మూత్రంలోనో ఇన్‌ఫెక్షన్. ఊపిరితిత్తుల్లోకి అది ఎలా వస్తుందో చెబుతాను. పక్షవాతం వచ్చినవాళ్లలో చాలామందికి గొంతు సరిగా మింగదు. అది తెలియక, మనిషి నీరసపడిపోతున్నాడే అన్న ప్రేమకొద్దీ పడుకోబెట్టే నోట్లో టెంకాయ నీళ్లో పల్చటి జావో పోస్తారు. అది పొట్టలోకి కాకుండా ఊపిరిగొట్టంలోకి జారుతుంది. మర్నాటికి ఆయాసం, జ్వరం, వెనకాలే కలవరింత. నర్సు మింగుడు పరీక్ష చేసి సరేననేదాకా నోటి ద్వారా చుక్క నీళ్లు కూడా పోయకండి.

రెండోది మూత్రపు గొట్టం. పక్క తడవకుండా ఉంటుందని దాన్ని అలాగే ఉంచమని మనమే అడుగుతాం. ఉన్నన్ని రోజులూ అది ఇన్‌ఫెక్షన్‌కు దారే. "ఇది ఇంకా అవసరమా సార్?" అని రోజూ అడగండి. మూత్రం బిగుసుకున్నా, నాలుగు రోజులు విరేచనం కాకపోయినా ముసలివాళ్లకు మతి తప్పుతుందంటే మీరు నమ్మరు గానీ, అది నిజం.

మూడోది ఒంట్లో నీళ్లు, ఉప్పు, చక్కెర. మే నెలలో మన కడప జిల్లా ఎండ సంగతి మీకు చెప్పాలా? దప్పిక తెలియని వయసులో మనిషి ముందే ఎండిపోయి ఉంటాడు. బీపీకి వాడే నీటిమాత్రల వల్ల ఒంట్లో సోడియం పడిపోవచ్చు. అన్నం తినకుండా షుగర్ మాత్ర వేస్తే చక్కెర పడిపోవచ్చు. రెంటికీ రక్తపరీక్ష ఉంది, వైద్యమూ ఉంది.

నాలుగోది మందులు. నిద్రమాత్రలు, దురదకూ జలుబుకూ వాడే కొన్ని మాత్రలు, వణుకుకూ నరాలకూ ఇచ్చే కొన్ని మందులు ముసలి మెదడును మసకబారుస్తాయి. రాత్రి గోల చేస్తున్నాడు, నిద్రకు ఏదన్నా ఇవ్వండని పట్టుబడితే ఆ గోల మర్నాడు రెట్టింపు కావచ్చు.

ఐదోది, ఎవరూ నోరు విప్పని సంగతి, మందు. రోజూ తాగే మనిషి మంచాన పడితే తాగుడు ఒక్కసారిగా ఆగిపోతుంది. రెండు మూడు రోజులకు వణుకు, చెమటలు, లేనివి కనబడటం మొదలవుతాయి. దీనికి వైద్యం వేరు. ఇతరులకు చెరుపు చేసే ఆ నిద్రమందులే ఇక్కడ ప్రాణం కాపాడతాయి, విటమిన్ బి1 కూడా ఇవ్వాలి. "మా నాయనకు ఏ అలవాటూ లేదు సార్" అని పరువు కోసం దాస్తే, డాక్టరు వేరే జబ్బు వెతుక్కుంటూ పోతాడు.

ఇక చోటు మార్చడం. జమ్మలమడుగులో లండన్ మిషన్ వాళ్ల క్యాంప్‌బెల్ ఆసుపత్రి ఈ సీమకంతటికీ దిక్కుగా ఉన్న రోజులు పెద్దలకు గుర్తే. అక్కడ వైద్యుడిగా చేసిన వై.ఎస్. రాజశేఖరరెడ్డి గారు 1973లో పులివెందులలో డెబ్బై పడకల ఆసుపత్రి పెట్టారు. అప్పట్లో డాక్టరుకు రోగి ఊరూ ఇల్లూ తెలిసేవి. ఈరోజు రోగి జమ్మలమడుగులో చేరి, ప్రొద్దుటూరులో స్కానింగ్ చేయించుకొని, కడప రిమ్స్‌కో కర్నూలుకో బెంగళూరుకో పోతాడు. పోవాల్సిందే, అక్కడే పెద్ద వైద్యం ఉంది. కానీ మారిన ప్రతి చోటా కొత్త గది, కొత్త ముఖాలు, రాత్రంతా ఆరని ట్యూబులైటు. కళ్లజోడు, కట్టుడు పళ్లు, చెవి మిషను సంచిలో ఇంటికి తిరిగొచ్చేసి ఉంటాయి. పైగా నిన్నటిదాకా ఈ మనిషి ఎలా ఉండేవాడో అక్కడ ఒక్కరికీ తెలియదు. డెలీరియం గుర్తుపట్టడానికి కావాల్సింది సరిగ్గా అదే, నిన్నటికీ ఇవాళ్టికీ తేడా. ఆ తేడా చెప్పగలిగింది మంచం పక్కన కూర్చున్న మీరే.

ఆ తేడా ఎప్పుడూ గోలగానే ఉండదు. కొందరు ఊరికే మూలుగుతూ, పిలిస్తే పలకక, మత్తుగా పడుంటారు. "నిమ్మళంగా నిద్రపోతున్నాడులే" అనుకుంటాం. ఎక్కువగా చూపు తప్పించుకునే రకం ఇదే. మెదడు వాచినా, మళ్లీ రక్తం చిమ్మినా కూడా ఇలాగే మగతగా ఉంటారు గనక అర్ధరాత్రయినా సరే నర్సును లేపండి. అనుమానంగా ఉంటే శనివారం నుంచి వెనక్కి వారాలు చెప్పమనండి. నిన్న చెప్పిన మనిషి ఇవాళ మధ్యలో తప్పిపోతే అది కబురే. మాట పడిపోయినవాళ్లతో పొరబడకండి. వాళ్ల నోట్లో మాట రాదు, లేదా తప్పుగా వస్తుంది, కానీ చూపులో ధ్యాస ఉంటుంది, గంటకోలాగ మారరు.

అమెరికాలో అప్పట్లో యేల్ విశ్వవిద్యాలయంలో ఉన్న డాక్టర్ షారన్ ఇనౌయే బృందం 1999లో ఒక అధ్యయనం ప్రచురించింది. రకరకాల జబ్బులతో ఆసుపత్రిలో చేరిన, 70 ఏళ్లు పైబడిన 852 మందిని పరిశీలించారు. సగం మందికి మామూలు వైద్యం. మిగతా సగానికి అదనంగా తేదీ, చోటు గుర్తుచేస్తూ మాట్లాడటం, కళ్లజోడు, చెవి మిషను, వేళకు నీళ్లు, త్వరగా లేపి నడిపించడం, రాత్రి నిద్రమాత్రకు బదులు వేడి పాలూ వీపు మర్దనా. మామూలు వార్డులో 15 శాతం మందికి మతి తప్పితే, ఇక్కడ 9.9 శాతానికే తప్పింది. ఒకసారి వచ్చాక మాత్రం దాని తీవ్రతను ఈ పనులు తగ్గించలేకపోయాయి. అంటే రాకుండా చూడటంలోనే ఉంది కిటుకంతా.

ఆ పనులకు వాళ్లు శిక్షణ ఇచ్చి స్వచ్ఛంద సేవకులను పెట్టుకున్నారు. మనకు కొడుకో కోడలో మనవడో మంచం పక్కనే ఉన్నారు. చేయాల్సింది ఏమిటో వాళ్లకు తెలియదు, అంతే. గుంపుగా పదిమంది వచ్చి ఏడవడం, సూది పీకుతున్నాడని చేతులు మంచానికి కట్టేయడం మేలు కంటే కీడే చేస్తాయి. తెలిసిన మనిషి ఒకరు బాగున్న వైపు కూర్చొని, "నాయనా, నేను. ఇది కడప ఆసుపత్రి, పొద్దున పది గంటలు" అని నెమ్మదిగా చెబుతుండటం ఏ మందుకూ తీసిపోదు.

ఇంటికెళ్లి మీ పెద్దవాళ్ల పేరున ఒక కాగితం రాసి మందుల డబ్బాలో పెట్టండి. వాడుతున్న మాత్రలన్నీ, తాగుడు అలవాటు ఉంటే ఉన్నది ఉన్నట్టు, మతిమరుపు ఎప్పటినుంచి, చెవి ఎంత వినబడుతుంది, ఇవి రాయండి. అంబులెన్స్ ఎక్కేటప్పుడు ఆ కాగితం, కళ్లజోడు, పళ్లసెట్టు మనిషితోపాటు వెళ్లాలి. చేరిన ప్రతి ఆసుపత్రిలో దాన్ని డాక్టరు చేతికివ్వండి. ఆ కాగితంలో ఏం రాయాలో అనుమానాలుంటే ఇప్పుడే అడగండి, జవాబు చెప్పాకే వెళ్తాను.