పాడైన ల్యాప్‌టాప్ కొనవచ్చా?

సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్ లాంటి చోట పాడైన ల్యాప్‌టాప్ చవగ్గా వస్తోందంటే చెయ్యి ఊరుకోదు. ముందు జబ్బేమిటో తేల్చుకోండి. కీబోర్డు, హార్డ్‌డిస్క్ లాంటివి పోతే చాలా మోడళ్లలో ఇంట్లోనే మార్చుకోవచ్చు. తెర పగిలితే, కొత్త తెర ధర కనుక్కున్నాకే బేరమాడండి. నీళ్లో కాఫీయో పడిన మదర్‌బోర్డు జోలికి మాత్రం పోకండి. ఈరోజు వెలిగినా లోపల తుప్పు పాకుతూనే ఉండొచ్చు. ల్యాప్‌టాప్ ఆన్ కాగానే ముందుగా నడిచే బయాస్‌కు (BIOS) పాస్‌వర్డ్ ఉందా? దొంగసొత్తేమో, ఎవరికి తెలుసు!

ఇంకో సంగతి. విండోస్ 10కు మామూలు మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. ఇంటెల్ ఎనిమిదో తరానికి ముందరి ప్రాసెసర్లలో దాదాపు వేటినీ విండోస్ 11 అధికారికంగా ఒప్పుకోదు. లైనక్స్ వాడతానంటే సరే.

అడిగిన ధరకు విడిభాగాల ఖర్చు కలిపి చూడండి. పనిచేసే సెకండ్‌హ్యాండ్ ల్యాప్‌టాప్ ధరకు దగ్గరపడితే వదిలేయండి.