నేతగాని చేయి, వెన్నుపాము



సూరత్ నగరమందలి పాండేసర ప్రాంతమున మరమగ్గముల మ్రోత చెవులకు సుపరిచితము. ఈ నగరపు మగ్గములను నమ్ముకొని తెలంగాణమునుండి వచ్చిన పద్మశాలి కుటుంబములు పెక్కు గలవు. పడుగులో పోగు తెగినంతనే నేతగాడు మగ్గము నిలిపి, కొనలు రెండును పట్టి, ఱెప్పపాటులో ముడివేయును. ఎట్లు వేసితివని యడిగిన చెప్పజాలడు; చేతికే తెలియునని నవ్వును. ఆ మాటలో నిజమెంతయో చూతము.

చేయి కదలవలెనను ఆజ్ఞ మెదడు పైపొరనుండి బయలుదేరును. కుడిచేతి నేలునది ఎడమ అర్ధగోళము. నాడీతంతువులలో అధికభాగము మెదడు అడుగున ప్రక్క మారి వెన్నుపామున దిగును. వెన్నుపాము కేవలము తంతిత్రోవ యని సామాన్యుల తలంపు. అది పొరపాటు. నిప్పు తగిలిన చేయి, బాధ తెలియకమున్నే వెనుకకు వచ్చుట వెన్నుపాము చలవయే.

సజీవుడైన మనుష్యునిలో ఈ వ్యాపారమును చూచుటెట్లు? 1990లో సీజీ ఒగావా ప్రభృతులు ఉపాయము చూపిరి. ప్రాణవాయువు గల రక్తమునకును, దానిని విడిచిన రక్తమునకును అయస్కాంతగుణమున భేదము గలదు. మెదడులో పనిచేయు భాగమునకు నెత్తురు మిక్కుటముగా ప్రవహించును, ఎం.ఆర్.ఐ. యంత్రము ఆ భేదమును పట్టును. కనబడునది నాడీసంకేతము కాదు, కొన్ని సెకండ్ల వెనుక వచ్చు రక్తపు జాడ. బొమ్మలో ఎఱ్ఱమచ్చను చూచి ఆలోచననే కంటిమనువారు తొందరపడుచున్నారు.

వెన్నుపామును చిత్రించుట మఱింత కష్టము. మెడవద్ద దాని వెడల్పు సుమారొక సెంటీమీటరు. చుట్టును ఎముకలు, గుండె కొట్టుకొన్నప్పుడెల్ల కదలు ద్రవము, ఊపిరి యలజడి. ఆడుచున్న మగ్గముపై ఒక్క పోగును గుర్తించుట వంటిది. అయినను 2015లో వహ్దత్, డోయాన్ ప్రభృతులు మెదడును, మెడలోని వెన్నుపామును ఏకకాలమున చిత్రించిరి. యంత్రములో పరుండినవారు వ్రేళ్లతో మీటలను ఒక వరుసలో నొక్కుట నేర్చిరి. నేర్చినకొలది వెన్నుపాములోను మార్పు కానవచ్చినది. అది యంతయు మెదడునుండి దిగివచ్చినది కాదని తేలినది. వెన్నుపామును విద్యార్థియే! మీట నొక్కుటయు ముడివేయుటయు ఒకటి గాదు గాని, వ్రేళ్ల అభ్యాసములో రెండును దగ్గఱి చుట్టములు.

ఈ విచారణ పండితులకు మాత్రమే కాదు. కుడిచేయి పడిపోయిన నేతగాని యింట పొయ్యి వెలుగుట కష్టము. మెదడునుండి దిగు తంతువులెంత మిగిలినవో మఱొక విధమగు ఎం.ఆర్.ఐ. చిత్రము కొంత తెలుపును; ఎక్కువ మిగిలినచో చేయి తిరిగి వచ్చు నాశ యెక్కువ. కావున వ్యాధి సోకిన ఘడియలోనే ఆసుపత్రికి చేర్చవలెను. మెదడులో రక్తనాళము మూసుకొనిపోయినప్పుడు గడ్డను కరగించు మందు సాధారణముగా నాలుగున్నర గంటలలోపుననే ఈయవలసియుండును. పిదప వ్యాయామములో ఒకే కదలికను మరల మరల చేయింతురు; రోగికి విసుగు పుట్టినను ఇంటివారు మాననీయరాదు.