భుజమునకు గలిగిన హాని - పరిహారధర్మము



మశూచి భూమిమీదినుండి తొలగినదని 1980లో ప్రపంచారోగ్యసంస్థ ప్రకటించినది. టీకావలని మేలునకు వేఱు సాక్ష్య మక్కరలేదు. అయినను, పదిమంది మేలుకొఱకు చేయు పనిలో ఒకరికి హాని గలిగినచో, ఆ భారమును వారొక్కరే మోయుట ధర్మమా? ఈ ప్రశ్నకు అమెరికా దేశమున ఒక చట్టము సమాధానము చెప్పుచున్నది. అచ్చట నివసించు మన తెలుగుబిడ్డలకును ఇది తెలియదగినది.

టీకాసూది భుజముక్రింది కండలో దిగవలెను. పొరపాటున కీలు సమీపమున దిగినచో, అచ్చటి మెత్తని తిత్తియు స్నాయువులును వాచును. చేయి పైకి లేవదు. తల దువ్వుకొనుటకును, చొక్కా తొడుగుకొనుటకును ఇతరుల సాయము కావలసివచ్చును.

1980 తరువాతి సంవత్సరములలో కోరింతదగ్గు టీకాపై అచ్చట వ్యాజ్యములు పెరిగి, తయారుచేయువారు కొందఱు ఆ పని మానుకొనిరి. టీకాలు దొరకవను భయము పుట్టినది. అందుచే 1986లో చట్టము చేసి, 1988లో పరిహారపద్ధతిని ఆరంభించిరి. ప్రతి మోతాదుపై, అది నివారించు ఒక్కొక్క వ్యాధికి 75 సెంట్ల సుంకము నిధికి జమయగును. తట్టు, గవదబిళ్ళలు, రుబెల్లా మూడింటికిని కలిపి వేయు టీకాపై 2.25 డాలర్లు. ఊరిచెఱువు గట్టునకు ఇంటింటివారును తలా యొక తట్ట మన్ను మోసినట్లున్నది గదా!

2017లో భుజహానియు ఆ చట్టపు పట్టికలో చేరినది. 2021లో దానిని తొలగించు యత్నము జరిగి, ఆ సంవత్సరమే విరమింపబడినది. పట్టికలోని టీకా వేసిన 48 గంటలలోపల నొప్పి మొదలు కావలెను. ఆ భుజమున పూర్వము నొప్పి యుండరాదు. బాధయు బిగువును ఆ భుజమునకే పరిమితమై, వేఱు కారణము లేకుండవలెను. సాధారణముగా బాధ 6 నెలలకు మించి యుండవలెను. ఇవి ఋజువైనచో సూది వేసినవారి తప్పును నిరూపింప నక్కరలేదు.

తొలి లక్షణము కనిపించిన 3 సంవత్సరములలోపల ఫెడరల్ క్లెయిముల న్యాయస్థానమున అర్జీ దాఖలు చేయవలెను. వైద్యవ్యయము, కోల్పోయిన సంపాదన, బాధకుగాను 2,50,000 డాలర్లవఱకు లభింపవచ్చును. సదుద్దేశముతో, తగిన ఆధారముతో తెచ్చిన అర్జీ ఓడినను, న్యాయవాది రుసుము నిధినుండి ఇయ్యవచ్చును.

అయితే అంతయు వ్రాతపై నాధారపడి యున్నది. ఏ చేతికి సూది వేసిరి? నొప్పి ఎన్నడు మొదలైనది? వైద్యునితో ఎప్పుడు చెప్పిరి? ‘నేడో రేపో తగ్గును’ అని నెలలు గడపినవారికి నిజమైన బాధయు ఋజువు చేయుట కష్టమగును. నోటిమాట నీటిమూట, తేదీవేసిన వైద్యుని వ్రాతయే సాక్షి.

కావున టీకాకు భయపడవలదు, టీకాచీటిని పారవేయవలదు.