సంతానము గోరువారు – ఋతుకాల నిర్ణయము



నేడు నేను ప్రసంగింపబోవు విషయము నలుగురిలో బాహాటముగ చెప్పుకొనునది కాదు. అయినను ప్రతి గ్రామమునందును ఎప్పుడో యొకప్పుడు పెద్దల ముందునకు వచ్చునదియే. పెండ్లియై రెండు మూడేండ్లు గడచినను కోడలి కడుపు పండకున్నచో ఇంట గుసగుసలు బయలుదేరును. మ్రొక్కులు, తాయెతులు సాగును. 1955వ సంవత్సరపు హిందూ వివాహ చట్టము నిషేధించినను కొన్ని యిండ్ల రెండవ పెండ్లి మాట కూడ వినవచ్చును. అట్టి యెడల తీర్పు చెప్పువారు మీరు. ఆ తీర్పునకు ముందు తెలిసికొనదగిన సంగతులు కొన్నింటిని, వైద్యవృత్తిలో నున్నవాడనగుటచే, మీకు మనవి చేయుచున్నాను.

గర్భము నిలుచుటకు నెల పొడుగునను అవకాశ ముండదు. స్త్రీ యండకోశమునుండి సాధారణముగ నెలకొక యండము వెలువడును. దాని యాయువు ఒక్క యహోరాత్రమునకు మించదు. పురుషబీజము మాత్రము స్త్రీ గర్భమార్గమున 5 దినములవరకు నిలువగలదు. కావున అనువగు దినములు, అండము వెలువడు దినమును, దానికి ముందటి యయిదును కలిసి, 6 మాత్రమే.

ఆ దినము లేవి? ముట్టయిన దినము మొదలు 16 రాత్రులు ఋతుకాలమనియు, అందు మొదటి నాలుగును వర్జ్యములనియు మన స్మృతికారులు చెప్పిరి. 28 దినముల కొకసారి ముట్టగు స్త్రీకి అండము సుమారు 14వ దినమున వెలువడును గనుక ఆ లెక్క సరిపోవును. కాని స్త్రీలందరి లెక్క యొక్కటి గాదు. అండము వెలువడు దినమును గడచిన ముట్టునుండి గాక, రాబోవు ముట్టునుండి వెనుకకు లెక్కింపవలెననియు, అది 12 మొదలు 16 దినముల ముందుండుననియు జపాను దేశపు వైద్యుడు క్యుసాకు ఒగినో 1924వ సంవత్సరమున ప్రకటించెను. ఈ లెక్కను 35 దినముల కొకసారి ముట్టగు స్త్రీకి అండము 21వ దినప్రాంతమున వచ్చును. అనగా, ఆమెకు అనువగు కాలము ఆరంభమగునప్పటికి మన 16 రాత్రులును ముగిసిపోవుచున్నవి. ఇందు ఆ యిల్లాలి దోష మేమున్నది?

అండము వెలువడినదో లేదో ఇంటనే తెలిసికొనుటకు జ్వరము చూచు థర్మామీటరు కొంత తోడ్పడును. అండము వెడలిన చోట చిన్న గ్రంథి యొకటి యేర్పడి ప్రొజెస్టిరోను అను రసమును పుట్టించును. ఆ రసమువలన దేహపు వేడిమి ఫారెన్‌హీటు లెక్కను సుమారు అర డిగ్రీ, ఒక్కొక్కరి కొక డిగ్రీవరకు, హెచ్చి మరల ముట్టగువరకు నిలుచును. ఈ సంబంధమును 20వ శతాబ్ది ప్రారంభమున హాలండు దేశపు వైద్యుడు వాన్ డి వెల్డె గుర్తించెను.

చూచు విధము సులభమే. తెల్లవారి మేలుకొనగనే, పడకమీదనుండి లేవకమునుపు, మంచినీళ్లయినను త్రాగకమునుపు, థర్మామీటరును నాలుక క్రింద నుంచుకొని చూడవలెను. డిగ్రీలో పదవ పాలును చూపు థర్మామీటరు మేలు. ప్రతిదినమును ఒకే వేళకు చూచి, తేదీతో పుస్తకమున వ్రాసికొనవలెను. ముట్టయిన దినములను గూడ గుర్తింపవలెను. వెనుకటి 6 దినముల అంకెలకన్న వరుసగా 3 దినములు హెచ్చుగ నున్నచో అండము వెలువడినదని యెంచవచ్చును. జ్వరము, నిద్రలేమి, రాత్రిపని యుండిన దినముల అంకెలు నమ్మదగినవి గావు.

ఇచ్చట అత్తగారల కొక మనవి. కోడలు కోడికూతకే లేచి వాకిలి యూడ్చి, పశువుల చెంతకు పరుగెత్తవలసిన యింట ఈ పరీక్ష సాగదు. ఆమెను ప్రతి యుదయమును అయిదు నిమిషములు పడకమీద నుండనిండు.

అయితే ఈ సాధనము శక్తి యెంతయో యెఱుగవలెను. చెరువులోని నీటిమట్టమును చూచి రాత్రి వాన కురిసినదని చెప్పవచ్చును గాని, రేపటి వానను చెప్పలేము గదా! అటులనే థర్మామీటరు జరిగినదానిని చెప్పును. వేడిమి హెచ్చునప్పటికి ఆ నెలకు అనువగు కాలము గడచియుండును. మూడు నాలుగు నెలల లెక్కలను చూచిన పిదప, ఆమె శరీరపు వాడుక కొంత తెలియును. అండము వెలువడుటకు ముందు దినములలో కోడిగ్రుడ్డు తెల్లసొనవలె సాగు తేట ద్రవము కనబడుట మరియొక గుర్తు. దంపతు లొక్కచోట కాపురముండువారైనచో ఏ లెక్కయు లేకయే రెండు మూడు దినముల కొకసారి కలిసికొనిన చాలును. భర్త దూరదేశమున పనిచేయుచు నెలకు రెండు దినములు మాత్రమే యింటికి వచ్చువాడైనచో, వచ్చు దినము లేవియో ఈ పుస్తకమును చూచి యోచింపవలసి యుండును.

నెలల తరబడి వేడిమి హెచ్చకున్నచో అండము వెలువడుటలేదేమో యని యనుమానింపవలెను. దానిని వైద్యులు రక్తపరీక్షచే నిర్ధారింతురు. అందు పెక్కింటికి చికిత్స గలదు. హెచ్చిన వేడిమి ముట్టు రాక 18 దినములు నిలిచినచో గర్భము నిలిచియుండవచ్చును.

తుదకు ముఖ్యమైన మాట. థర్మామీటరు భర్తనుగూర్చి యేమియు చెప్పదు. సంతానము లేని దంపతులలో ఇంచుమించు సగముమంది విషయమున, పూర్తిగనో కొంతవరకో, లోపము పురుషునియందును కనబడుచున్నది. వీర్యపరీక్ష సులభము, బాధలేనిది. అయినను కోడలిని పది యూళ్లు త్రిప్పిన పిదపగాని కుమారుని పరీక్షకు పంపని యిండ్లను నేను పెక్కు చూచితిని. మగతనమునకును ఈ పరీక్షకును సంబంధము లేదు. బలశాలియై పొలము దున్నువానికిని బీజములు తక్కువగ నుండవచ్చును.

ఒక సంవత్సరము కాపురము చేసినను గర్భము నిలువనిచో, భార్యకు 35 ఏండ్లు నిండినచో ఆరు నెలలకే, దంపతులిద్దరును కలిసి వైద్యుని చూడవలెను. ముట్టు క్రమము తప్పినవారు అంతవరకును ఆగనక్కరలేదు. పెద్దలగు మీరు నోరు విప్పి “ఇద్దరును పొండు” అని చెప్పుడు. ఆ యొక్క మాటచే ఒక యాడుబిడ్డ నిందనుండి తప్పించుకొనును. ఇద్దరికిని చికిత్స సకాలమున అందును.