అనుభవము, అభ్యాసము, ఒక పాట



పట్టభద్రులారా! శాస్త్రము గ్రంథములనుండి లభించును. అనుభవము జీవితమునుండి లభించును. ఈ రెండింటిని కలిపి ముడివేయు విద్యను మాత్రము ఎవరికి వారే అభ్యసింపవలసియున్నది. అట్టి అభ్యాసమునకు నిదర్శనముగా, గిటారు తప్ప వేరొక వాద్యము తోడులేని మూడున్నర నిమిషముల పాట నొకదానిని, దాని వెనుకనున్న జీవితమును మీ ముందుంచ దలచితిని. ఆ పాట పేరు ‘లిటిల్ గ్రీన్’. దానిని రచించి, బాణీ కట్టి, తానే వాయించుచు పాడినది కెనడా దేశపు గాయని జోనీ మిచెల్.

1943లో ఆల్బర్టా రాష్ట్రమందు జన్మించిన ఆమెకు తొమ్మిదవ యేట పోలియో సోకి, ఎడమచేతి పట్టు సడలినది. గిటారు వాద్యమున ఎడమచేతి వ్రేళ్లే మెట్లపై తంత్రులను అదిమిపట్టి స్వరసమూహములను పలికింపవలెను. ఆ చేతికే బలము చాలనపుడు వాద్యమును విడుచుట సహజము. ఆమె విడువలేదు. తంత్రులను ఊరక మీటినంతనే ఒక స్వరసమూహము పలుకునట్లు, బ్లూస్ వాద్యకారులు ఎరిగిన పద్ధతి ననుసరించి శ్రుతులనే మార్చుకొని, క్రమక్రమముగా పాటకు తగిన శ్రుతిని తానే కల్పించుకొనుచు పోగా, ఆరితేరిన వాద్యకారులను సైతము ఆశ్చర్యపరచు స్వరసంయోగములు ఆమె చేతినుండి వెలువడినవి. అవసరము కొరకు వెదకిన దారియే ఆమె శైలి యైనది.

చిత్రకళాభ్యాసమునకై కాల్గరీలోని కళాశాలలో చేరి, పిదప పాటనే జీవికగా చేసికొనవలెనని 1964లో టొరంటో నగరమునకు చేరిన ఆ యువతి, అవివాహితయై, ధనహీనయై, గర్భవతియై యుండెను. అవివాహిత మాతృత్వమును కుటుంబమునకే కళంకముగా నెంచు కాలమది. 1965 ఫిబ్రవరిలో ఆమెకు ఆడుశిశువు జన్మించినది. బిడ్డను పరుల సంరక్షణమున నుంచి, ఆ యేడే చక్ మిచెల్ అను గాయకుని వివాహమాడినను, తనయను తెచ్చుకొను దారి కానరాక, తుదకు దత్తతకు సమ్మతించుచు పత్రములపై సంతకము చేసెను. తన తల్లిదండ్రులకు సైతము ఈ సంగతి తెలియనీయలేదు.

ఆ శిశువును సంబోధించుచు రచించిన గీతమే ఈ ‘లిటిల్ గ్రీన్’. 1967 నాటికే వేదికలపై పాడినను, 1971 జూన్‌లో వెలువడిన ‘బ్లూ’ అను సంపుటమున గాని దీనిని ఆమె చేర్చలేదు. దూరమైన తండ్రి, చేసిన సంతకము, బిడ్డకు కోరిన శుభము, ఇవన్నియు పాటలో ఉన్నవి. ఎవరి బిడ్డ, ఎక్కడి బిడ్డ యనునది మాత్రము లేదు. ఆనాడు ‘రోలింగ్ స్టోన్’ పత్రికలో దీనిని సమీక్షించిన విమర్శకునికి భావము అందరానిదిగా తోచినది. మన భాషలో విశ్వనాథ సత్యనారాయణగారు గతించిన తమ భార్యపై రచించిన ‘వరలక్ష్మీ త్రిశతి’ వంటి స్మృతికావ్యమునందు కవి తన దుఃఖమును పేరుపెట్టి పిలువగలిగెను, ఏలయన గతించినవారికి లోకమువలన కీడు లేదు. ఈ తల్లి కోల్పోయినది సజీవయై, మరియొక ఇంట పెరుగుచున్న బిడ్డను. తన బాధను చెప్పుట ఆమె హక్కు. ఆ బాధకు కారణమైన బిడ్డ బ్రతుకును బయట పెట్టకుండుట ఆమె ధర్మము. ఈ రెండింటికిని భంగము రానీయక నిలిపిన సంయమనమే ఆ పాటకు ప్రాణమని నా దృఢవిశ్వాసము. 1990ల దశకమున పూర్వపరిచితురాలు ఒకరు ఈ రహస్యమును పత్రికకు విక్రయించగా, కథ లోకమునకు వెల్లడియైనది. 1997లో తల్లీబిడ్డలు కలిసికొనిరి. ఒకే వృత్తాంతము ఒకరి చేత సరకైనది, ఒకరి చేత గీతమైనది.

మరియొక సంగతి చెప్పి ముగింతును. 2015లో మెదడులోని రక్తనాళమునకు కలిగిన వ్యాధివలన జోనీ నడకను, మాటను, వాద్యమును కోల్పోయినది. పూర్వము తాను వాయించినప్పటి దృశ్యములను చూచి, ఏ మెట్టుపై ఏ వ్రేలు నుంచితినో పరికించుచు, తన విద్యను తనవద్దనే తిరిగి నేర్చుకొని, 2022 జూలైలో, డెబ్బది యెనిమిదవ యేట, న్యూపోర్ట్ జానపద సంగీతోత్సవ వేదికపై గిటారు వాయించెను. తైత్తిరీయోపనిషత్తునందలి శిక్షావల్లిలో, విద్య ముగించి వెడలు శిష్యునకు గురువు స్వాధ్యాయమును విడువవలదని బోధించియున్నాడు. ఆ బోధకు దీనిని మించిన జీవద్వ్యాఖ్యానము నేనెరుగను.

కావున ప్రియ విద్యార్థులారా! మీకును దుఃఖములు కలుగును. మీ శక్తికి మేరలు గోచరించును. వాటిని దాచుకొని కృశింపవలదు; అంగడిలో పరచి చులకన కావలదు. మీ శాస్త్రమేదైనను, అది వైద్యము కానిండు, న్యాయశాస్త్రము కానిండు, బోధనము కానిండు, మీ అనుభవమునకు దాని క్రమశిక్షణను అలవరచి, ఇతరుల బ్రతుకులకు హాని రానీయక, లోకమునకు ఉపకరించు రూపమున సమర్పింపుడు. రూపము కుదురుటకు ఏండ్లు పట్టినను తొందరపడవలదు. నేడు మీరందుకొను పట్టము ఆ సాధనకు అధికారపత్రము, సాధన మీది. మీకు సర్వశుభములు కలుగుగాక!