అనుమానానికి ఆధారం ఉండాలి



ఈ స్మారక సభలో మనం ఇవాళ స్మరించుకుంటున్న వకీలుగారు జీవితమంతా క్రిమినల్ కోర్టుల్లోనే గడిపారు. జూనియర్లు కేసు కట్ట తెచ్చి ముందు పెడితే, ఏం దొరికిందన్న సంగతి తర్వాత, దారిన పోయే మనిషిని అసలెందుకు ఆపారో ముందు చూపించమనేవారు. చాలా కట్టల్లో ఒకే రకం వాక్యం ఉండేది: పోలీసులు వాహనాలు తనిఖీ చేస్తుండగా ముద్దాయి అనుమానాస్పదంగా కనిపించాడని. అతను ఏం చేస్తే అనుమానం వచ్చిందో మాత్రం ఎక్కడా ఉండేది కాదు. ఆ లోటు మనుషుల బతుకుల్ని ఎంతవరకు ముంచుతుందో చెప్పడానికి ఈ పూట బ్రిటన్ అనుభవాన్ని ఎంచుకున్నాను. వీధి సోదాల మీద అంత కాలం వాదించుకుని, లెక్కలు కట్టి బయటపెట్టిన దేశాలు తక్కువ.

బ్రిక్స్‌టన్ నేర్పిన పాఠం

నెపోలియన్ యుద్ధాలు ముగిశాక ఇంగ్లండు వీధుల్లో నిరుపేదలు పెరిగారు. వాళ్లను అదుపులో పెట్టడానికి 1824లో దేశదిమ్మరుల చట్టం తెచ్చారు. నేరం చేసే ఉద్దేశంతో తచ్చాడుతున్నాడని పోలీసులు చెబితే చాలు, మనిషిని పట్టుకోవచ్చు. నూటయాభై ఏళ్ల తర్వాత, 1970ల్లో, ఆ నిబంధన కరీబియన్ దీవుల నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబాల కుర్రాళ్ల మీద పడింది. వాళ్లు బస్టాపులో నిలబడినా నేరమే, దుకాణం ముందు ఆగినా నేరమే.

1981 ఏప్రిల్‌లో దక్షిణ లండన్‌లోని బ్రిక్స్‌టన్‌లో ‘స్వాంప్ 81’ పేరుతో పోలీసులు గాలింపు మొదలుపెట్టారు. మఫ్టీలో తిరుగుతూ వారం గడవకుండానే 943 మందిని ఆపారు. వాళ్లలో సగానికి పైగా నల్లజాతివారు. అరెస్టు చేసింది 118 మందిని. ఆ వారాంతంలోనే బ్రిక్స్‌టన్ భగ్గుమంది. విచారణ జరిపిన లార్డ్ స్కార్మన్ అదే ఏడాది నివేదిక ఇచ్చారు. ఆ పాత నిబంధనా ఆ ఏడే రద్దయింది.

1984లో పోలీసు, క్రిమినల్ సాక్ష్యాల చట్టం వచ్చింది. దొంగసొత్తో ఆయుధమో ఉందనుకోవడానికి సహేతుకమైన కారణం ఉంటేనే సోదా చేయాలంది. పద్ధతి కూడా విడమరిచి చెప్పింది. సోదాకు ముందు పోలీసు తన పేరు, స్టేషను పేరు చెప్పాలి. దేనికోసం వెతుకుతున్నాడో, ఎందుకు అనుమానం వచ్చిందో చెప్పాలి. నలుగురిలో కోటు, జాకెట్టు, చేతి తొడుగులు మించి ఏమీ విప్పమనకూడదు. జరిగింది రాసి పెట్టాలి. అడిగితే నకలు ఇవ్వాలి. ఒంటి రంగు, వయసు, పాతకేసు, ఇవి తమంత తాముగా అనుమానానికి ఆధారం కావని ఆ చట్టం కింది నియమావళి తేల్చి చెప్పింది.

మినహాయింపుల దారి

నిబంధన గట్టిదే. పక్కనుంచి మినహాయింపులు వచ్చాయి. 1994లో వచ్చిన మరో చట్టంలోని 60వ సెక్షన్ ప్రకారం, హింస జరగవచ్చని పై అధికారి ఒక ప్రాంతాన్ని కొన్ని గంటలకు ప్రకటిస్తే ఆ గంటల్లో అక్కడ ఎవరినైనా అనుమానానికి కారణం లేకుండానే వెతకవచ్చు. 2000 నాటి ఉగ్రవాద చట్టంలోని 44వ సెక్షన్ ఇంకా ముందుకెళ్లింది. లండన్ నగరమంతటికీ ఏళ్ల తరబడి దాన్ని పొడిగిస్తూ పోయారు. 2009-10లో దాని కింద లక్షకు పైగా సోదాలు జరిగాయి. ఉగ్రవాద నేరం కింద వాటిలో ఒక్క అరెస్టూ లేదు. ఇది వ్యక్తిగత జీవిత హక్కును కాలరాస్తోందని 2010 జనవరిలో ఐరోపా మానవ హక్కుల న్యాయస్థానం తీర్పు ఇచ్చాకే ఆ సెక్షన్ పోయింది. ఆ సోదాల్లో ఆసియావాసులు తమ జనాభాకు మించి చిక్కారు. బ్రిటన్ లెక్కల్లో ఆసియావారన్న గడిలో అక్కడ చదువుకుంటున్న మన తెలుగు పిల్లలు కూడా ఉంటారు.

జాతివారీ లెక్కలు 1990ల నుంచి ఉన్నాయి. 2010-11లో సోదాలు పది లక్షలు దాటాయి. 2014లో హోంమంత్రి థెరిసా మే సంస్కరణలు తెచ్చాక సంఖ్య బాగా తగ్గింది, తర్వాత మళ్లీ పెరిగింది. ఇటీవలి ఏళ్లలో కూడా తెల్లవారితో పోలిస్తే నల్లజాతివారు ఆగాల్సి రావడం సుమారు 4 రెట్లు. అంతకుముందు అది 9 రెట్లు దాటిన సంవత్సరాలున్నాయి. పది సోదాల్లో ఏడింటి తర్వాత ఏ చర్యా ఉండదు. అంటే ఆ ఏడుగురూ జేబులు సర్దుకుని నలుగురి కళ్ల ముందు నడిచి వెళ్లిపోవాలి.

ఈ అంకెల వెనక మనిషి పరిస్థితి ఎలా ఉంటుందో ఒక ఉదంతం చెబుతాను. 2020 డిసెంబరులో లండన్‌లోని హాక్నీలో పదిహేనేళ్ల నల్లజాతి బాలిక బడికి వచ్చింది. నివేదికల్లో ఆమెను ‘చైల్డ్ క్యూ’ అని రాశారు. గంజాయి వాసన వస్తోందని ఉపాధ్యాయులు పోలీసులను పిలిచారు. బడిలోని వైద్యపు గదిలో ఇద్దరు మహిళా పోలీసులు ఆ పిల్ల బట్టలు విప్పించి వెతికారు. తల్లికి కబురు లేదు. గదిలో పిల్ల తరఫున పెద్దలెవరూ లేరు. ఆ అమ్మాయి అప్పుడు నెలసరిలో ఉంది. ఏమీ దొరకలేదు. 2022లో బయటికి వచ్చిన సమీక్ష, జాతి వివక్ష ఇందులో ప్రభావం చూపి ఉండే అవకాశమే ఎక్కువని చెప్పింది. 2018 నుంచి 2020 వరకు లండన్ పోలీసులు ఇలా 650 మంది పిల్లల బట్టలు విప్పించారని, అలా వెతికిన మగపిల్లల్లో 58 శాతం నల్లజాతివారని ఇంగ్లండు పిల్లల కమిషనర్ అదే ఏడాది వెల్లడించారు.

ఇక్కడ ఒక గట్టి వాదన ఉంది, దాన్ని దాటవేయకూడదు. కత్తిపోట్లకు కొడుకులను పోగొట్టుకున్న తల్లులు, వాళ్లలో నల్లజాతి తల్లులు కూడా, సోదాలు పెంచమని అడుగుతారు. వాళ్ల బాధ నిజం. అయితే పదేళ్ల లండన్ లెక్కలను పరిశీలించి 2018లో వెలువడిన ఒక అధ్యయనం, సోదాలు నేరాలను తగ్గించడంలో చూపే ప్రభావం స్వల్పమని తేల్చింది. సోదాలు పెరిగినంత మాత్రాన కత్తులు తగ్గవు. పైగా, పది సార్లు ఆగి అవమానపడిన కుర్రాడు హత్య చూసినా సాక్ష్యం చెప్పడానికి స్టేషను మెట్లెక్కడు. నష్టపోయేది ఆ తల్లులే.

మన సంగతి

పుట్టుకను చూసి అనుమానించడం మనకు కొత్త కాదు. 1871 నాటి నేరస్థ తెగల చట్టాన్ని తెల్లదొరలు 1911లో మద్రాసు రాజధానికీ విస్తరించారు. కులం మొత్తాన్ని నేరస్థులుగా ప్రకటించి, వేలిముద్రలు తీసుకుని, హాజరు వేయించుకుని, పాసు లేనిదే ఊరు దాటనివ్వలేదు. బాపట్ల దగ్గర సాల్వేషన్ ఆర్మీ నడిపిన స్టూవర్టుపురంలో ఎరుకల కుటుంబాలు అలాగే బతికాయి. దేశమంతటా ఆ చట్టం 1952కల్లా రద్దయింది. ఊరి పేరు చెబితే ఎదుటివాళ్లు జేబు తడుముకునే అలవాటు పోలేదు.

హైదరాబాదులో నిర్బంధ తనిఖీలు మీరంతా చూశారు. పోలీసులు వందల సంఖ్యలో బస్తీని చుట్టుముట్టి, ఇంటింటికీ తిరిగి ఆధార్ కార్డులు, బండ్ల కాగితాలు అడుగుతారు. మర్నాడు పేపర్లో సీజు చేసిన బండ్ల సంఖ్య వస్తుంది. ఎన్ని ఇళ్లు తట్టారో, ఎవరి ఇళ్లో, ఎందుకు ఆ బస్తీయే ఎంచుకున్నారో రాదు. గేటెడ్ కాలనీలో ఇలాంటి తనిఖీ జరిగిందని మనం చదవం. 2021 అక్టోబరులో నగరంలో పోలీసులు కుర్రాళ్లను ఆపి ఫోన్లలో చాటింగులు చూసిన వీడియోలు బయటికొచ్చాయి. అదే ఏడాది లాక్‌డౌన్‌లో పాతబస్తీలో సామాజిక కార్యకర్త ఎస్.క్యూ. మసూద్‌ను ఆపి మాస్కు తీయమన్నారు. ఒప్పుకోకపోయినా ఫోటో తీశారు. ముఖాలను గుర్తించే సాంకేతికత వాడకాన్ని సవాలు చేస్తూ ఆయన హైకోర్టుకు వెళ్లారు. గోప్యత ప్రాథమిక హక్కని 2017లో తొమ్మిదిమంది న్యాయమూర్తులు చెప్పిన దేశం ఇది. ఆ హక్కు బస్తీకీ వర్తించాలి.

బ్రిటన్ అనుభవం నుంచి నేను గ్రహించింది చెబుతాను. కారణం అడిగినచోట అధికారానికి హద్దు ఏర్పడింది, కారణం అక్కర్లేదన్నచోట పక్షపాతం పెరిగింది. రాసిపెట్టినందువల్ల వివక్ష కనబడింది. రాసినది చదివి శిక్షించేవాళ్లు తక్కువైనందువల్ల ఇంకా మిగిలింది. కాబట్టి మనం మూడు అడగాలి. వీధిలో ఎవరిని ఆపినా, ఎవరి ఫోను తీసుకున్నా కారణం రాసి వాళ్ల చేతిలో చీటీ పెట్టాలి. ఏ బస్తీలో, ఏ కులం, ఏ మతంవారిని ఎందరిని ఆపారో ప్రభుత్వం ఏటా ప్రకటించాలి. ప్రకాశ్ సింగ్ కేసులో 2006లో సుప్రీంకోర్టు ఏర్పాటు చేయమన్న పోలీసు ఫిర్యాదుల ప్రాధికార సంస్థకు ఈ చీటీలను పరిశీలించే పని, తప్పు తేలితే చర్య తీసుకోమనే అధికారం ఇవ్వాలి. నిజాయతీగా పనిచేసే ఎస్సైకి దీనివల్ల నష్టమేమీ లేదు. తన అనుమానానికి ఆధారం ఉందని ఆ చీటీయే సాక్ష్యం చెబుతుంది. ఆధారం రాయలేని సోదా మాత్రం జరగకూడదు.